కెమెరా బాడీ మార్చాలా, వద్దా? చెడిపోయిన ఫొటోలను చూసి తేల్చుకునే పద్ధతి

చిలికా సరస్సు నుంచి వలస పక్షులు వెనక్కు మళ్లే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, బరంపురంలో కెమెరా పట్టుకు తిరిగే మా నలుగురైదుగురి మధ్య ఏటా ఒకే మాట మొదలవుతుంది: ఈ బాడీతో (లెన్స్ కాక మిగిలిన కెమెరాతో) ఇంక లాభం లేదు, మార్చేయాలి. ఆ మాట ఎప్పుడు వస్తుందో గమనించండి. సీజను అయిపోయి, తీసిన వేల ఫొటోలను కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసుకుని, మనసులో అనుకున్న ఫొటో ఒక్కటీ రాలేదని తేలిన తర్వాతే అది వస్తుంది. ఆ నిరాశలో ఉండగా కొత్త కెమెరా ప్రకటన కంటబడితే, మన లోపాలన్నిటికీ అందులో మందు ఉన్నట్టే అనిపిస్తుంది. ఫొటోలు తీసి సంపాదించేవారి లెక్క వేరు. వారికి కెమెరా పనిముట్టు, పెళ్లి మధ్యలో అది ఆగిపోతే పరువు పోతుంది. జీతంలోంచి కొంత మిగుల్చుకుని, ఆదివారాలు గోపాలపూర్ తీరానికో చిలికా ఒడ్డునున్న రంభకో వెళ్లి సరదాకు ఫొటోలు తీసుకునేవారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. దీనికి ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. అంత ఓపిక లేదనిపిస్తే కనీసం మొదటి రెండు పనులైనా చేసి, ఆ తర్వాత దుకాణానికి వెళ్లండి.

మొదటి పని: చెడిన ఫొటోలను దాచుకోండి

బాగా వచ్చిన ఫొటోలను చూసి బాడీ మార్చాలో వద్దో తేల్చలేము. చెడినవే చెప్పాలి. మనలో చాలామంది వాటిని బస్సులో తిరిగి వస్తూనే చెరిపేస్తారు. ఇకమీదట ఆ పని మానేయండి. కావాలని తీసి, రావాలని గట్టిగా కోరుకుని, రాకుండా పోయిన ఫొటోలను ఒక ఫోల్డర్‌లో పోగుచేయండి. ఊరికే నొక్కినవి, వరసగా వచ్చిన పది ఫ్రేముల్లో మిగిలిన తొమ్మిది, ఇలాంటివి లెక్కలోకి రావు. వంద పోగైతే చాలు. పాత హార్డ్ డిస్కులో చెరపకుండా మిగిలినవి ఉంటే ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.

తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని, ప్రతి ఫొటోకు షట్టర్ వేగం (షట్టర్ తెరిచి ఉండే సమయం), అపర్చర్ (లెన్స్ తెరుచుకునే ద్వారం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దది), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి), లెన్స్ ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర (ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర) ఉందో రాయండి. ఇవన్నీ ఫైలులోనే దాగి ఉంటాయి. విండోస్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే కనిపిస్తాయి, డిజికామ్, డార్క్‌టేబుల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంకా సులభంగా కనిపిస్తాయి. చేత్తో రాయడం చాదస్తంగా అనిపించవచ్చు. అయితే ముప్పై ఫొటోలు రాసేసరికి ఒకే అంకె మళ్లీ మళ్లీ కలం కింద పడుతున్నట్టు మీకే తెలుస్తుంది. నాకు అలా పదే పదే తగిలింది 1/250 సెకను. ఎగిరే పక్షికి ఆ వేగం ఏ మూలకూ చాలదు.

రెండో పని: ప్రతి ఫొటో ఎందుకు చెడిందో విడదీయండి

ఈ పని నిదానంగా చేయాలి. ఫొటోను నూరు శాతానికి పెంచి, పక్షి మీదనే కాక దాని ముందు, వెనక ఉన్న గడ్డి మీద కూడా చూపు పెట్టండి. పక్షి మసకగా ఉండి, ముందున్న గడ్డిపరక గానీ వెనకనున్న గట్టు గానీ స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. గడ్డి, గట్టు స్పష్టంగా ఉండి రెక్కలు మాత్రమే సాగిపోయి ఉంటే పక్షి కదలికకు షట్టర్ వేగం చాలలేదు. ఫ్రేమంతా ఒకే దిశలో సాగినట్టు, అంచులు రెండేసి ఉన్నట్టు కనిపిస్తే మీ చేయి కదిలింది, లేదా పడవ ఊగింది. అన్నీ సరిగ్గా ఉండి రంగు ఇసుక చల్లినట్టు ఉంటే అది నాయిస్. పక్షి స్పష్టంగానే ఉన్నా, కత్తిరించి పెద్దది చేసేసరికి ముక్కలైపోతే లెన్స్ అంత దూరానికి చాలలేదు. ఇవేవీ కాకుండా, వెలుతురు బాగున్న వేళ, వేగం 1/2000 పెట్టి తీసినా ఫొటో అంతా నీటిలోంచి చూసినట్టు అలలు అలలుగా ఉంటే, దాని సంగతి కింద చెబుతాను.

ఒక్కో ఫొటో పక్కన ఒక్క కారణమే రాయండి. రెండు కారణాలు కనిపిస్తే, వాటిలో ముందు సరిదిద్దవలసినది ఏదో అదే రాయండి. మొదటిసారి నేను వంద లెక్క పెట్టినప్పుడు 41 షట్టర్ వేగం తక్కువైనవి, 23 లెన్స్ దూరానికి చాలనివి, 15 ఫోకస్ తప్పినవి, 12 ఎండ సెగకు చెడినవి, 9 నాయిస్‌తో పాడైనవి తేలాయి. మొదటి 41 పూర్తిగా నా పొరపాట్లు. నేను తిడుతూ వచ్చిన బాడీకి అంటగట్టదగ్గవి, ఎంత కష్టపడి లాగినా, చివరి లెక్కకు 24 మించలేదు.

బాడీది కాని తప్పు

గంజాం జిల్లాలో భేట్నోయి, బలిపదర్ పరిసరాల పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. ఊరివాళ్లు వాటిని తరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు, అందువల్ల అవి పొలం గట్టు మీద నిలబడి మనవైపు చూస్తాయి కూడా. ఉదయం పది దాటాక వెళ్లి, 300 మిల్లీమీటర్ల లెన్స్‌తో దూరంగా ఉన్న జింకను తీస్తే, ఎంత ఖరీదైన కెమెరా అయినా దాని కొమ్ముల మెలికలు కరిగిపోయినట్టే వస్తాయి. నేల వేడెక్కి, పైకి లేచే గాలి పొరలు వెలుతురును వంచుతాయి. లెన్స్ ఎంత పొడుగైతే ఆ వంపు అంత పెద్దదిగా కనిపిస్తుంది. పన్నెండు ఫొటోలు ఇలా చెడినందుకు బాడీలో వెలుతురును పట్టే సెన్సర్‌ను నేను అనుమానించాను. సూర్యోదయానికి ముందే పొలం చేరి, జింకకు వీలైనంత దగ్గరగా, అయితే బెదరనంత దూరంలో కూర్చోవడం తప్ప దీనికి వేరే మందు లేదు. అందుకు అయ్యే ఖర్చు బండి పెట్రోలు మాత్రమే.

రెండో దోషి మన తీరప్రాంతపు తేమ. ఒక వానాకాలం తర్వాత నా ఫొటోలన్నీ పల్చని పాలు పోసినట్టు వెలవెలబోతూ వచ్చాయి. సూర్యుడు ఎదురుగా ఉంటే మరీ ఘోరం. బాడీ ముసలిదైపోయిందని మూడు నెలలు నమ్మాను, కొత్తదాని ధర కూడా కనుక్కున్నాను. మా వీధి చివరి స్టూడియో పెద్దాయనకు ఆ ఫొటోలు చూపిస్తే ఆయన వాటి వైపు సరిగా చూడనైనా లేదు. “బాబూ, లెన్స్‌లోకి టార్చి వేసి చూశావా?” అన్నారు. ముందు, వెనక మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి ఏటవాలుగా చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి బూజు అల్లుకుని ఉంది. శుభ్రం చేయించాక అదే బాడీతో రంగులు తిరిగి వచ్చాయి. కాబట్టి బాడీ గురించి ఆలోచించే ముందు మీ దగ్గరున్న ప్రతి లెన్స్‌నూ ఇలా పరీక్షించండి. లెన్స్ ముందు బిగించిన చవక యూవీ ఫిల్టర్ ఉంటే దాన్ని విప్పేసి ఒక ఫొటో తీసి చూడండి.

ఇక్కడ నిల్వ గురించి ఒక మాట. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్ మంచిదే, కానీ అది కరెంటు మీద నడుస్తుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక ఈ ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అందుకని రబ్బరు అంచు ఉన్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు, ఇవి కూడా ఇంట్లో ఉంచుకోండి. జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు.

మిగిలినవాటిని లెన్స్‌కు, బాడీకి పంచండి

ఇప్పుడు నోట్‌బుక్‌లో మీ తప్పులు, వాతావరణం తప్పులు కొట్టేయగా మిగిలినవి చూడండి. వీటిలోనూ పెద్ద భాగం లెన్స్‌తో తీరేవే ఉంటాయి. దీనికి నమ్మకం మీద ఆధారపడనక్కర్లేదు, లెక్క ఉంది.

బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్ర రాత్రులను తీసుకుందాం. వేషాలు కట్టినవారు వీధుల్లో నడిచి వస్తుంటారు, వెలుతురు దుకాణాల బల్బులది, దీపాల అలంకారాలది. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్‌ను కొంచెం జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. 1/125 సెకను పెట్టాలంటే ఐఎస్‌ఓ 12800 దాకా వెళ్లవలసి వచ్చిందనుకోండి. అదే బాడీకి ఎఫ్ 1.8 ఉన్న 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే ఇంచుమించు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, ఐఎస్‌ఓ 1250, 1600 మధ్యకు దిగిపోతుంది. దీనికి బదులు పాత కిట్ లెన్స్ స్థాయి అపర్చర్‌తోనే చిన్నదైన క్రాప్ సెన్సర్ నుంచి, పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ బాడీకి మారితే, సెన్సర్ విస్తీర్ణం రెండు రెట్ల పైచిలుకు పెరిగినందువల్ల కలిగే లాభం ఒక స్టాపుకు (స్టాపు అంటే వెలుతురు ఒకసారి రెట్టింపు కావడం) కాస్త ఎక్కువ మాత్రమే. చిన్న ఎఫ్ 1.8 లెన్స్ మూడు స్టాపులకు పైగా ఇస్తే, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన బాడీ ఒకటి ఇస్తుంది. పట్టుచీరల మగ్గాల ఇళ్లలో కిటికీ వెలుతురులో నేతగాళ్ల చేతులు తీసేవారికీ ఇదే వర్తిస్తుంది. కాకపోతే ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ లోతు చాలా పల్చగా ఉంటుందని, ముక్కు స్పష్టంగా ఉండి చెవులు మసకబారతాయని గుర్తుంచుకోవాలి. నాయిస్ కంటే అది కొందరికి ఎక్కువ చిరాకు.

లెన్స్ దూరానికి చాలని ఫొటోల విషయంలో మోసపోయేవారు ఇంకా ఎక్కువ. చిలికాలోని నలబణ దీవి చుట్టుపక్కల బాతుల గుంపులను 300 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసేవారు ఫుల్ ఫ్రేమ్‌కు మారితే పక్షి ఫ్రేమ్‌లో చిన్నదవుతుంది. క్రాప్ సెన్సర్ మీద అదే లెన్స్ 450 మిల్లీమీటర్ల దృశ్యాన్ని ఇస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 300 లాగే ఉంటుంది. పక్షులు మాత్రమే తీసేవారికి ఫుల్ ఫ్రేమ్ తర్వాత మళ్లీ పెద్ద లెన్స్ ఖర్చు నెత్తిన పడుతుంది. డబ్బు పెట్టదలచుకుంటే 150-600 తరహా లెన్స్ మీద పెట్టడం మేలు. అంతకంటే మేలు, మంగళజోడిలో గడకర్రతో నడిపే పడవ ఎక్కి చప్పుడు లేకుండా దగ్గరకు పోవడం.

మెగాపిక్సెళ్ల గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటుంది. 12×18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చొప్పున 5400 చాలు. 45 మెగాపిక్సెళ్లకు వెళ్తే అడ్డంగా సుమారు 8250 అవుతాయి. అంకె రెట్టింపు అయినట్టు కనిపించినా వివరం అడ్డంగా మూడో వంతు పైచిలుకు మాత్రమే పెరుగుతుంది. గోడ నిండా ప్రింటు వేయించేవారికీ, పక్షిని బాగా కత్తిరించి వాడుకునేవారికీ తప్ప మిగిలినవారికి దీనివల్ల హార్డ్ డిస్కు నిండడమే ఎక్కువ.

మరి బాడీతోనే తీరేవి ఏవి? నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆటోఫోకస్. నికాన్ డి3500లో 11 ఫోకస్ పాయింట్లు, కెనాన్ 1500డిలో 9 మాత్రమే ఉన్నాయి. రెండింటిలోనూ గట్టిగా పట్టే క్రాస్ టైప్ పాయింటు మధ్యలో ఉన్న ఒక్కటే. ఈ తరగతి కెమెరాలతో నీటి మీద వంకరటింకరగా ఎగిరే రేవు పక్షిని అంచు పాయింటుతో పట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. ఇటీవలి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీలు పక్షి కన్నును తామే గుర్తించి, ఫ్రేమ్‌లో అది ఎక్కడికి జరిగినా వెంటాడతాయి. ఈ తేడాను ఏ లెన్స్‌తోనూ, ఏ సాధనతోనూ పూర్తిగా పూడ్చలేము. వరసగా తీస్తుండగా బఫర్ (ఫొటోలు కార్డుకు ఎక్కే ముందు ఆగే తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా మొరాయించడం, చప్పుడు లేని షట్టర్ లేకపోవడం, తుంపరకు తట్టుకునే సీలింగ్ లేకపోవడం కూడా బాడీ లోపాలే.

బాడీలోనే ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును, పడవ ఊపును కొంత సరిదిద్దుతుంది కానీ పక్షి కదలికను ఆపలేదు. 1/30 సెకను దగ్గర దాని గొప్ప చూసి, 1/2000 దగ్గర కూడా అదే లాభం వస్తుందనుకోకండి. అది నిజంగా అక్కరకు వచ్చే చోటు ఋషికుల్య నదీముఖం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులుగా ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చినట్టు లెక్క తేలింది. ఎక్కువగా రాత్రి పూటే వస్తాయి, కొన్ని తెల్లవారే దాకా మిగులుతాయి. అక్కడ ఫ్లాష్ వాడకూడదు, అటవీ శాఖ సిబ్బంది అనుమతించిన చోటు దాటకూడదు. ఫోకస్ కోసం కెమెరా ముందుభాగంలో వెలిగే చిన్న దీపాన్ని కూడా మెనూలోకి వెళ్లి ఆపేయండి, తెర వెలుతురు బాగా తగ్గించండి. ఫ్లాష్ ఆపినవారిలోనూ చాలామంది ఈ దీపాన్ని మరచిపోతారు. తాబేలు ఇసుక మీద నిదానంగా కదులుతుంది కాబట్టి తొలి వెలుగులో 1/30, 1/60 వేగాలతో తీయవచ్చు, ట్రైపాడ్ లేకుండా ఆ వేగం నిలబడాలంటే స్టెబిలైజేషన్, ఎక్కువ ఐఎస్‌ఓ తట్టుకునే సెన్సర్ రెండూ ఉపయోగపడతాయి. మీ వందలో ఇలాంటి ఫొటోలే ఎక్కువగా చెడి ఉంటే బాడీ మార్చాలన్న కోరికలో న్యాయం ఉంది.

ఉన్న బాడీకి ఒక నెల గడువు ఇవ్వండి

బాడీ ఖాతాలో పడిన ఫొటోలను కూడా వెంటనే నమ్మవద్దు. ఒక నెల పాటు ఉన్న కెమెరాతోనే ఈ మార్పులు చేసి చూడండి. ఫోకస్‌ను నిరంతరం వెంటాడే పద్ధతిలో పెట్టండి. నికాన్‌లో దాన్ని ఏఎఫ్-సి అని, పాత కెనాన్‌లలో ఏఐ సర్వో అని అంటారు. ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనకనున్న బటన్‌కు ఇవ్వండి. మధ్య పాయింటు ఒక్కటే వాడి, పక్షిని ఫ్రేమ్ మధ్యలో ఉంచి తీసి, తర్వాత కత్తిరించండి. ఆటో ఐఎస్‌ఓ పెట్టి, షట్టర్ వేగం 1/1600 కంటే దిగకుండా చూసుకోండి. ఆ సౌకర్యం లేని కెమెరాలో షట్టర్ ప్రయారిటీ వాడితే సరిపోతుంది. ‘రా’ ఫైలులో (కెమెరా సవరించని ముడి ఫైలులో) తీసి, కొత్త నాయిస్ తగ్గింపు సాఫ్ట్‌వేర్‌లో ఒకటి ప్రయత్నించండి. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ తర్వాత, నేను పనికిరాదని పక్కన పెట్టిన ఐఎస్‌ఓ 6400 ఫొటోలు కొన్ని గోడెక్కాయి. కంప్యూటర్ మాత్రం ఒక్కో ఫొటోకు నిమిషాల తరబడి రొప్పింది.

నెలాఖరున మళ్లీ చెడినవి లెక్కపెట్టండి. నా విషయంలో ఫోకస్ తప్పినవి సగానికి, నాయిస్‌వి మూడో వంతుకు తగ్గాయి. ఆ ఏడాది బాడీ కొనలేదు. పొడుగు లెన్స్ కొన్నాను. బాడీ మార్చింది ఇంకో రెండు సీజన్లు గడిచి, చెడిన వందలో ఎగిరే పక్షుల ఫోకస్ ఒక్కటే 40 దాటిన తర్వాత. సాధన చేసిన తర్వాత కూడా చెడిన వాటిలో మూడో వంతుకు పైగా బాడీ ఖాతాలోనే మిగిలితే మార్చవచ్చుననేది నేను పెట్టుకున్న గీత. మీరు వేరే గీత గీసుకోవచ్చు, కానీ దుకాణంలో అడుగుపెట్టక ముందే గీసుకోండి.

తెచ్చుకుని వాడి చూడండి

కొనాలనుకున్న బాడీని రెండు రోజులు చేతిలో పెట్టుకోకుండా కొనవద్దు. విశాఖపట్నం, భువనేశ్వర్ వంటి పెద్ద నగరాల్లో కెమెరాలు అద్దెకు దొరుకుతాయి. మన ఊళ్లలో ఇంకో దారి ఉంది. మూఢం రోజుల్లో, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, స్టూడియోల కెమెరాలు బీరువాల్లో నిద్రపోతుంటాయి. ముఖపరిచయం ఉన్న స్టూడియోవారిని మర్యాదగా అడిగి, న్యాయమైన అద్దె ఇచ్చి, పాడైతే ఎవరు భరించాలో ముందే మాట్లాడుకుని తెచ్చుకోండి. కాగితం మీద రాసుకుంటే స్నేహం నిలుస్తుంది.

తెచ్చాక కొత్త చోటికి వెళ్లకండి. మీరు ఎక్కడ ఎక్కువ విఫలమయ్యారో అక్కడికే, అదే వేళకు, వీలైతే అడాప్టర్‌తో మీ లెన్స్‌నే తగిలించుకుని వెళ్లండి. మొదటి రోజు మెనూలు అలవాటు కావడానికే సరిపోతుంది కాబట్టి రెండో రోజు ఫొటోలనే లెక్కలోకి తీసుకోండి. బాడీ ఖాతాలో పడిన రకం తప్పులు సగానికైనా తగ్గకపోతే ఆ బాడీ మీకు అక్కర్లేదు. పట్టు కూడా చూడండి: పెద్ద చేతులవారికి కొన్ని చిన్న మిర్రర్‌లెస్ బాడీలు పొడుగు లెన్స్‌తో ముందుకు తూలుతాయి, చిటికెన వేలికి ఆధారం ఉండదు.

మొత్తం ఖర్చు రాసుకోండి

బాడీ ధర ఒక్కటే ఖర్చు కాదు. కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్ మౌంట్లు (లెన్స్‌ను బాడీకి బిగించే అమరికలు) రెండూ 2018లో వచ్చాయి. కెనాన్ పాత ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది, నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. పాత లెన్స్‌లను అడాప్టర్‌తో వాడవచ్చు, కానీ ఒక మెలిక ఉంది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు; ఏఎఫ్-ఎస్ లెన్స్‌లు మామూలుగా పనిచేస్తాయి, పాత ఏఎఫ్-డి లెన్స్‌లకు మాత్రం చేత్తో తిప్పుకోవలసిందే. క్రాప్ సెన్సర్ కోసం చేసిన లెన్స్‌లను 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే అది ఫ్రేమ్ మధ్యభాగాన్నే వాడుకుని సుమారు 10 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. అంటే ఖరీదైన బాడీ కొని, చేతిలో ఉన్నదానికంటే చిన్న ఫొటో తీయడం. దుకాణంలో ఈ సంగతి మనం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

బ్యాటరీ సంగతి పడవలో తెలుస్తుంది. డి3500 ఒక ఛార్జికి సుమారు 1550 ఫొటోలు తీయగలదని తయారీదారు లెక్క. చిన్న మిర్రర్‌లెస్‌లలో చాలావాటికి ఆ అంకె 300, 400 దగ్గర ఉంటుంది. సగం రోజు నీటి మీద ఉండేవారు రెండు అదనపు బ్యాటరీల ధర కలుపుకోవాలి. వేగమైన కార్డు, పెద్ద ఫైళ్లు దాచే హార్డ్ డిస్కు, కంప్యూటర్ పాతదైతే దాని మెమరీ, అన్నీ ఒకే పేజీలో రాసి కూడండి. వచ్చిన మొత్తం పక్కనే, అదే డబ్బుతో మంచి లెన్స్ కొని మిగిలినదానితో కోరాపుట్ కొండలకో పర్లాకిమిడి వైపు మహేంద్రగిరికో ఎన్నిసార్లు వెళ్లి రావచ్చో కూడా రాయండి. ఇంట్లో అడిగినప్పుడు చూపడానికి కూడా ఆ పేజీ పనికొస్తుంది.

కొనేటప్పుడు, కొన్నాక

కొత్తది కొంటే భారతదేశపు వారంటీ ఉన్నదే, బిల్లుతో కొనండి. ఒకరు వాడినది కొనడం సరదా ఫొటోగ్రాఫర్‌కు చాలాసార్లు తెలివైన పనే, పరీక్షించడం తెలిస్తే. షట్టర్ ఎన్నిసార్లు పడిందో కనుక్కోండి: నికాన్ ఫొటో ఫైలులో ఆ సంఖ్య ఉంటుంది, కెనాన్‌లో చాలా మోడళ్లకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ గానీ సర్వీసు కేంద్రం గానీ కావాలి. ప్రవేశ స్థాయి బాడీల షట్టర్‌కు సాధారణంగా లక్ష, పై తరగతి వాటికి రెండు లక్షల వరకు ఆయుష్షు చెబుతారు. ఎఫ్ 16 పెట్టి తెల్లని ఆకాశాన్ని తీసి సెన్సర్ మీద మచ్చలు చూడండి. మన తీరంలో వాడిన కెమెరా అయితే ఫ్లాష్ తగిలించే గాడి, ట్రైపాడ్ మర, బ్యాటరీ గది రేకులు, ఈ మూడు చోట్ల ఉప్పు గాలికి పట్టిన తుప్పును వెతకండి. వాటిలో ఒక్కచోట పచ్చని పొడి కనిపించినా ధర ఎంత తగ్గించినా వదిలేయండి.

కొనే సమయం కూడా ముఖ్యమే. నవంబరులో పక్షులు వస్తాయి కాబట్టి సెప్టెంబరు నాటికి చేతిలో ఉండాలి. బటన్లు వేళ్లకు అలవాటు కావడానికి రెండు నెలలు పడుతుంది. సీజను మధ్యలో కొన్నవారు కొత్త మెనూలో వెతుక్కుంటుండగా పక్షి ఎగిరిపోవడం నేను పక్కనుండి చూశాను. కొన్న మొదటి వారంలోనే లెన్స్ మూత పెట్టి ఒక నల్లని ఫొటో తీసి, ఎక్కడైనా ఎర్రని, తెల్లని చుక్కలు స్థిరంగా వెలుగుతున్నాయేమో చూడండి. అన్ని ఫోకస్ పాయింట్లనూ, రెండు కార్డు గదులుంటే రెండింటినీ పరీక్షించండి. మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది.

పాత బాడీని అమ్మాలా అని చాలామంది అడుగుతారు. కొత్తదాని ధరలో అది నాలుగో వంతైనా తెచ్చిపెడితే అమ్మేయండి. అంతకంటే తక్కువ పలికితే ఎఫ్ 1.8 లెన్స్ తగిలించి అలాగే ఉంచుకోండి. నాది అలాగే ఉంది. ఠాకురాణి యాత్ర రాత్రుల్లో ధూపం పొగ, జనం లేపే దుమ్ము మధ్య లెన్స్ విప్పే పని లేకుండా, ఒక భుజాన అది, ఇంకో భుజాన కొత్తది వేసుకుని తిరుగుతాను.